పేరమ్మ గోలేనికి మూడు కళ్ళు

అనగనగా అని నేనంటే ఊ అని మీరనాలి. ఊ కొట్టనివాళ్ళకు నేను కథ చెప్పను, ముందే చెబుతున్నా. కొట్టారా? సరే, అయితే కాళ్ళు ముడుచుకుని కూర్చోండి.

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక ఏరు. ఏటి ఒడ్డున పువ్వులకోట అనే పట్నం. ఆ పట్నాన్ని మకరంద భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. రాజు మంచివాడే. అయితే ఎవరైనా ఎదుట నిలబడి పోట్లాడుకుంటే చాలు, ఆయనకు తలనొప్పి పట్టుకునేది. ఆ ఊరికి రాజుగా పుట్టడం ఆయన ఖర్మ, ఎందుకంటే అక్కడ పోట్లాట లేని పూట లేదు.

పోట్లాట దేనికంటారా? పూల కోసం. ఆ పట్నంలో పూలు పండించే వాడలు మూడు. మెట్ట మీద బంతివాడ. నడుమ కనకాంబరాల వాడ. ఏటి పల్లంలో జడపూల వాడ. జడపూలంటే సీతమ్మజడ పూలు, ఎర్రగా ఒత్తుగా నిటారుగా పెరుగుతాయే, అవి. ఏటా కార్తీక పున్నమికి కోటగుమ్మానికి పూలతోరణం కట్టాలి. ఎవరి పువ్వు ముందు కట్టాలి? మాదంటే మాదని బంతివాడ పెద్ద దాసప్పా, కనకాంబరాల పెద్ద తిప్పయ్యా జుట్లు ముడేసుకుని లేచేవాళ్ళు. జడపూల వాడ పెద్ద ఓబుళమ్మ నోరు తెరవబోతే మాత్రం ఆ ఇద్దరూ ఒక్కటైపోయి, పల్లంవాళ్ళకు ముందేమిటి వెనకేమిటి అని ఆమె నోరు మూయించేవాళ్ళు.

ఒక ఏడు లాగులాటలో తోరణం పుటుక్కున తెగి రాజుగారి తలపాగా మీదే పడింది. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, తల రెండు చేతులా పట్టుకుని, ఇక ఈ ఊళ్ళో తోరణాలే లేవు పొమ్మన్నాడు. వచ్చే ఏడు కోటగుమ్మం ముందు ఒక పెద్ద మట్టి గోలెం పెట్టాలి. మూడు వాడల నారూ అందులో, ఒకే మట్టిలో, పక్కపక్కనే నాటాలి. పున్నమి నాటికి మూడూ కలిసి పూస్తే మూడు వాడలూ కలిసి ఊరేగింపులో ముందు నడవాలి. కలిసి బతకలేకపోతే పొరుగు రాజ్యం నుంచి పూలు తెప్పించుకుంటాను, మీ పువ్వు ఒక్కటి కూడా నా గుమ్మం తొక్కకూడదు. ఇదీ రాజుగారి మాట.

గోలెం అనగానే ఊరంతా ఒకే ఇంటి వైపు చూసింది. అది కుమ్మరి పేరమ్మ ఇల్లు.

ఇప్పుడు పేరమ్మ సంగతి చెప్పాలి. ఆమె తండ్రి వీరయ్య ఆ ఊళ్ళో పేరుమోసిన కుమ్మరి. కోటకు కుండలు చేసే హక్కు ఆయనది, సారె అంటే కుండలు చేసే చక్రం, అందుకే ఆ హక్కును అక్కడ కోట సారె అంటారు. వీరయ్యకు కొడుకుల్లేరు. ఆయన పోగానే పేరమ్మ చీర బిగించి సారె ముందు కూర్చుంది. కుమ్మరి పెద్ద గురవయ్యకు అది మింగుడు పడలేదు. ఆడది మట్టి తొక్కచ్చు, కుండ మోయచ్చు, సారె తిప్పడమేమిటని సభకెక్కాడు. చివరికి రాజుగారి ముందు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పేరమ్మ కుండ ఒక్కటైనా కారిన రోజున కోట సారె ఆమె ఇల్లు దాటిపోవాలి. పేరమ్మ సరేనంది.

సరేనన్నది మొదలు ఇరవై ఏళ్ళు ఆమె కుండ ఒక్క చుక్క కారలేదు. ఊళ్ళో సామెతే పుట్టింది, నోరు జారినా పేరమ్మ కుండ కారదని. అత్తగార్లు కోడళ్ళ నోటికి ఆ సామెతతోనే తాళం వేసేవాళ్ళు. పేరమ్మ ఆ మాట వింటే పైకి విననట్టు ఉండేది గానీ లోపల మల్లెపూలు జల్లినట్టుండేది. ఉండదూ మరి? ఒక్క ఆడమనిషి, ఒక్క సారె, ఊరంతటి పేరు.

ఒక రహస్యం చెబుతా, మీ కడుపులోనే దాచుకోండి. పేరమ్మ కుండ ఒకటి కారింది. తండ్రి పోయాక ఆమె సారె మీద లేపిన తొలి బాన అది. కుండలు కాల్చే వాములో కాలి బయటికొచ్చేసరికి అడుగున సన్నటి బీట. నీళ్ళు పోస్తే బొట్లుబొట్లుగా కారాయి. పగలగొడదామని దుడ్డుకర్ర లాంటి గుదియ ఎత్తింది. అంచు కింద తన బొటనవేలి ముద్ర, మొట్టమొదటి ముద్ర, కనబడింది. చెయ్యి ఆడలేదు. వాము వెనక బూడిదకుప్పలో పెట్టి మీద చెత్త కప్పేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ మూల వైపు ఎవరినీ పోనిచ్చేది కాదు, అడిగితే పాములున్నాయని చెప్పేది.

సరే, గోలెం దగ్గరికొద్దాం. పేరమ్మ ఎండాకాలమంతా దాని మీదే ఉంది. చెరువు మట్టి తెచ్చి మూడు రోజులు నానబెట్టింది, మూడు రోజులు తొక్కింది. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి, నలుగురు చేతులు చాపి పట్టుకున్నా అందనంత గోలెం లేపింది. నీడన ఆరబెట్టి, వాములో కాల్చి, వేలితో తట్టింది. కంచులా ఖంగుమంది. ఎనిమిది మంది మోసుకెళ్ళి కోటగుమ్మం ముందు ఇటుకల మీద దించారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కనే నిలబడి, ఎవరు ఏం మెచ్చుకుంటారో ఒక్కటీ వదలకుండా విన్నది.

శ్రావణమాసంలో మంచిరోజు చూసి మూడు వాడలవాళ్ళూ నారు తెచ్చి నాటారు. నాటారన్నమాటే గానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. బంతివాళ్ళు పొద్దున ఒక కడవ నీళ్ళు తమ మొక్క మొదట్లో పోసి పోయేవాళ్ళు. వీళ్ళు మా మొక్కకు పోశారో లేదోనని కనకాంబరాల వాళ్ళు మరో కడవ పోసేవాళ్ళు. అదే అనుమానంతో జడపూల వాళ్ళూ ఒక కడవ. సాయంత్రం మళ్ళీ మూడు కడవలు. పైన శ్రావణపు వాన ఉండనే ఉంది. పన్నెండో రోజుకు ఆకులు పసుపెక్కాయి. పదిహేనో రోజుకు మూడూ వాలిపోయాయి.

దాసప్ప ఊరుకుంటాడా? గోలెంలోనే దోషముందన్నాడు. ఎక్కడో చిల్లుంది, నీళ్ళన్నీ కారిపోయి మొక్కలు ఎండాయన్నాడు. ఆ మాట పేరమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అక్కడే అనేసింది. గోలెం ఖాళీ చేయించింది, ఆ కోపంలో లోపలి మట్టి ఎలా ఉందో చూడనే లేదు. అంచు దాకా నీళ్ళు పోయించి, అడుగున ఇటుకల మధ్య పొడి వరిపిండి పరిపించింది. ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక రాజుగారే వచ్చి వంగి, పిండి మీద వేలు పెట్టి చూశారు. పిండి పిండిలాగే ఉంది. పైన నీళ్ళు వెంట్రుక వాసి తగ్గలేదు.

జనం ఈలలు వేశారు. రాజుగారు తన భుజం మీది ఆకుపచ్చ పట్టుశాలువా తీసి పేరమ్మకు కప్పారు. కోట నుంచి కుమ్మరివాడకు దగ్గరి దోవ ఉంది. ఆ రోజు పేరమ్మ దూరపు దోవన, మూడు వాడలూ తిరిగి, శాలువా కొంగు గాలికి ఆడుతుంటే ఇంటికి వెళ్ళింది.

భాద్రపదంలో రెండోసారి నాటారు. మళ్ళీ అవే కడవలు, అదే వాన. ఈసారి పదిరోజులకే బంతి పోయింది, వెనకే కనకాంబరం పోయింది. జడపువ్వు మొండిది, మరో నాలుగు రోజులు నిలబడి అదీ పోయింది. ఆ నాలుగు రోజులే కొంప ముంచాయి. చూశారా, పక్కవాళ్ళ ప్రాణం పీల్చి అది బతికింది, అసలు హంతకి ఆ జడపువ్వేనని దాసప్ప సభలో వేలు చూపించాడు. తిప్పయ్య అవునంటే అవునన్నాడు.

రాజుగారు తలపట్టుకున్నారు. ఇక ఒక్కసారే చూస్తానన్నారు. మూడోసారి జడపువ్వు లేకుండా నాటాలి. మిగతా రెండూ బతికితే జడపూల వాడ ఊళ్ళో పూలసేద్యం మానుకోవాలి, పల్లంలో మడులన్నీ కోటకు ఒప్పజెప్పాలి. ఎనభై గడపల బతుకు ఒక్క మాటతో తేలిపోయేలా ఉంది.

ఓబుళమ్మ ముసలిది, కర్ర ఊతంగా లేచి నిలబడింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. తిన్నగా పేరమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, మట్టి సంగతి నీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. నువ్వు చెప్పు తల్లీ, మా పువ్వు చంపిందా?"

తనకు కుండల సంగతే తెలుసు, మొక్కల సంగతి తెలియదంది పేరమ్మ. అబద్ధం కాదు. అయినా ఇంటికి పోయే దోవలో ఆ శాలువా ఎందుకో మెడకు గరగరా గుచ్చుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే గోలెం ఖాళీ చేయమని కబురొచ్చింది. పేరమ్మ పారతో మట్టి తవ్వింది. పైన రెండు జానలు మామూలు మట్టే. ఆ కింద బురద. ఇంకా కింద జానెడు లోతు నల్లటి నీళ్ళు, మురుగు కంపు. బంతి వేరూ, కనకాంబరం వేరూ, జడపువ్వు వేరూ, మూడూ నల్లగా కుళ్ళి చేతికి జిగటగా తగిలాయి. ఆమె చేతులకు విషయం అప్పుడే తెలిసిపోయింది. మనసే ఒప్పుకోలేదు.

చచ్చిన మొక్కల్ని తట్టలో వేసుకుని, పారెయ్యడానికి వాము వెనక్కి నడిచింది. నడిచి, అక్కడే తట్ట దించేసింది.

బూడిదకుప్పలో ఆ పాత బాన నిండా పూలు! నడుమ జడపువ్వు ఎర్రగా నిటారుగా నిలబడింది. దాని చుట్టూ బంతిపూలు ముద్దముద్దగా విచ్చాయి. అంచు చుట్టూ కనకాంబరాలు బయటికి వాలి నవ్వుతున్నాయి. ఎవరు నాటారు? ఎవరూ నాటలేదు. పోయినేడు కార్తీక పున్నమికి తెగిన తోరణాన్ని కోటవాళ్ళు ఊడ్చి కుమ్మరివాడ చెత్తలో పడేస్తే, పేరమ్మే తెచ్చి ఆ బాన మీద కప్పింది, బాన కనబడకూడదని. ఆ తోరణంలోని మూడు రకాల గింజలూ, చెత్త చివికి మట్టైన ఆ బానలో పడి, ఎవరి తగువూ లేకుండా కలిసి మొలిచాయి.

గోలెం మీద పడిన వానే బాన మీదా పడింది. పేరమ్మ మట్టిలో వేలు గుచ్చింది. చల్లగా, తడిగా, పొడిపొడిగా ఉంది. బురద లేదు. చెంబుడు నీళ్ళు పోసింది. మట్టి తాగినంత తాగింది, మిగిలింది అడుగున బీటలోంచి బొట్లుబొట్లుగా కారిపోయింది. ఇరవై ఏళ్ళు దాచిన ఆ బీటే ఇన్ని పూలకు ఊపిరి పోసింది.

ఆమె అక్కడే చతికిలబడింది. పొద్దు వాము మీదికెక్కేదాకా లేవలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, పేరుకు పేరూ, సారెకు సారే ఉంటాయి. ఈ బానను ఇప్పుడే పగలగొట్టేస్తే ఇంకా మంచిది, సాక్ష్యమే ఉండదు. గుదియ పక్కనే ఉంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు కదా. గుదియ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు ఓబుళమ్మ ముఖం కళ్ళముందుకొచ్చింది. ఆ ముసలిది ఎవరి ముందో కాదు, తన ముందు నిలబడి అడిగింది.

వీరయ్య బతికుండగా ప్రతి కుండనూ వేలితో తట్టి చూసేవాడు. మనిషి అబద్ధమాడచ్చు గానీ తడితే కుండ ఆడదమ్మా అనేవాడు. పేరమ్మ తన రొమ్ము మీద వేలితో తట్టుకుంది. ఏం వినిపించిందో ఆమెకే తెలుసు. ఖంగుమనలేదని మాత్రం నేను చెప్పగలను.

లేచింది. ఇంట్లోకి వెళ్ళి ఆకుపచ్చ పట్టుశాలువా తెచ్చింది. దాన్ని గుండ్రంగా మెలితిప్పి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. బానలో రెండు కడవల నీళ్ళు పోసి, పూలతో మట్టితో సహా ఎత్తి ఆ కుదురు మీద పెట్టుకుంది. మొన్న శాలువా కప్పుకుని ఏ దోవన నడిచిందో అదే దూరపు దోవన, మూడు వాడల మీదుగా, కోటకు బయల్దేరింది.

బాన కారింది. నుదుటి మీద, ముక్కు మీద, భుజాల మీద బురదనీళ్ళు బొట్లుబొట్లుగా పడ్డాయి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పేరమ్మ కుండ కారుతోందిరో అని ఒకరు మొదలుపెడితే వాడ వాడంతా వెనకబడింది. ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. తల దించుకుందామంటే నెత్తిన బాన ఉంది. అందుకని తలెత్తుకునే నడిచింది. సగం దూరం నడిచేసరికి ఆ ఎత్తిన తల ఆమెకు అలవాటైపోయింది.

సభలో బాన దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, రాజుగారికి దణ్ణం పెట్టింది.

"మహారాజా, ఇది నేను చేసిన బాన. అంచు కింద నా ముద్ర చూడండి. ఇది కారుతుంది, ఇరవై ఏళ్ళుగా దాచాను. మూడు పువ్వులూ ఇందులో కలిసి పూశాయి. గోలెంలో వాటిని చంపింది జడపువ్వు కాదు. ఒక్క చుక్క కారని నా గోలెం."

ఆమె అంతా విడమరిచి చెప్పింది. మడిలో పోసిన నీళ్ళు నేల పీల్చుకుంటుంది. తులసికోటకూ అడుగున నేల ఉంటుంది. గోలేనికి అడుగున మట్టిగోడే గానీ నేల లేదు. పోసిన నీళ్ళు, కురిసిన నీళ్ళు పోయే దారి లేక వేళ్ళు ఊపిరాడక కుళ్ళాయి. గోలెం అడుగున మూడు చిల్లులు పెడితే మూడు పువ్వులూ బతుకుతాయి.

చిల్లులన్న మాట వినగానే ఆస్థాన పురోహితుడు యజ్ఞనారాయణ సోమయాజి చెవులు మూసుకున్నాడు. చిల్లుకుండ శ్మశానంలో పట్టుకునేది, పండగపూట కోటగుమ్మంలో పెట్టేదా అని మండిపడ్డాడు. నిజమే, ఆ భయంతోనే ఆ ఊళ్ళో తరతరాలుగా ఏ కుమ్మరీ కుండకు చిల్లు పెట్టి ఎరగడు. సభలో సగంమంది అవునవునన్నారు.

పేరమ్మ తడుముకోలేదు. శివుడి తల మీద వేలాడే ధారాపాత్రకు చిల్లుంది కదా స్వామీ, దాన్ని అశుభమని ఎవరన్నారు అని అడిగింది. సోమయాజి చెవుల మీంచి చేతులు తీసేశాడు. అప్పుడామె అంది:

"కాలిన కుండను కొట్టి పెట్టిన చిల్లు గాయం. పచ్చిమట్టిలో వేలితో పెట్టిన చిల్లు కన్ను. నా గోలేనికి కన్నులు పెడతాను, గాయాలు కాదు."

రాజుగారు దిగివచ్చి బానలో పూలు వంగి చూశారు. చిత్రం, ఆ రోజు ఆయనకు తలనొప్పి కూడా రాలేదు. కట్టుబాటు కట్టుబాటేనని దాసప్ప గుర్తుచేశాడు, కుండ కారింది కాబట్టి సారె పోవాలన్నాడు. పున్నమి నాడు అదీ తేలుస్తానని, ముందు గోలెం కానీయమని రాజుగారు లేచారు.

ఆశ్వయుజంలో వానలు వెనకపట్టు పట్టాయి. పేరమ్మ మళ్ళీ మట్టి తొక్కింది. గోలెం పచ్చిగా ఉండగానే మూడు వాడల పెద్దల్నీ తన వాకిట్లోకి పిలిపించింది. ఎవరి చిల్లు వాళ్ళే పెట్టాలంది. ఓబుళమ్మ కర్ర పక్కన పెట్టి, వేలితో మొదట పెట్టింది. తిప్పయ్య పెట్టాడు. దాసప్ప మట్టి అంటుకుంటుందని కాసేపు నసిగాడు. చివరికి ఆయనా వంగి బొటనవేలు గుచ్చాడు, మరీ కాస్త పెద్దదిగానే గుచ్చాడు.

గోలెం కాలింది. ఇప్పుడు చిల్లుల మీద కప్పడానికి పెంకులు కావాలి, లేకపోతే నీళ్ళతో పాటు మట్టీ జారిపోతుంది. పెంకులు ఎక్కడివి? పేరమ్మ గుదియ తీసుకుని పాత గోలెం దగ్గరికి వెళ్ళింది. ఎండాకాలమంతా చెమటోడ్చి చేసింది, పిండి తడవనివ్వనిది, శాలువా తెచ్చిపెట్టినది. ఒక్క పెట్టు వేసింది. ఆ పెంకుల్నే ఏరి కొత్త గోలెం కళ్ళ మీద రెప్పల్లా కప్పింది. ఆ పెట్టు వేసేటప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకు దాచాలి, తిరిగాయి.

మూడు వాడలవాళ్ళూ మొగ్గ తొడిగిన నారు తెచ్చారు. బానలో ఎలా మొలిచాయో అలాగే నాటించింది పేరమ్మ. పొడుగుది నడుమ, గుబురుది చుట్టూ, వాలేది అంచున. అనుమానం పోవడానికి కొంత కాలం పడుతుంది కదా, అందుకని వాళ్ళు మళ్ళీ మూడు కడవలూ పోశారు. మిగులు నీళ్ళు మూడు కళ్ళలోంచి కారి ఇటుకల మధ్య పారిపోయాయి. నాలుగో రోజు నుంచి ఒక్క కడవే చాలని వాళ్ళలో వాళ్ళే అనుకుని వంతులు వేసుకున్నారు. దాసప్ప వంతు రోజున జడపువ్వుకు నీడపడుతోందని బంతికొమ్మను పక్కకు తప్పించడం ఓబుళమ్మ చూసిందట. ఆయన్ను అడిగితే లేదంటాడనుకోండి.

కార్తీక పున్నమి వచ్చింది. కోటగుమ్మం ముందు గోలెం వెలిగిపోయింది. నడుమ జడపూలు మనిషి నడుమెత్తు లేచాయి. బంతులు వాటి కాళ్ళకు చుట్టుకున్నాయి. కనకాంబరాలు అంచు దాటి కిందికి జారి మట్టిని దాచేశాయి. ఏ పువ్వు ముందో, ఏ పువ్వు వెనకో చెప్పడానికి లేదు, ఎందుకంటే గోలెం గుండ్రంగా ఉంది. మూడు వాడలూ చేతులు పట్టుకుని దాని చుట్టూ తిరిగాయి.

అప్పుడు రాజుగారు కుమ్మరులందరినీ పిలిపించారు. పేరమ్మ కుండ కారిన రోజున సారె ఆమె ఇల్లు దాటాలని తన ముందే కట్టుబాటు జరిగిందని, రాజుగా దాన్ని తాను తప్పలేనని చెప్పారు. కారని కుండ చేయగలిగినవాడు ముందుకొచ్చి సారె తీసుకోవచ్చన్నారు. పేరమ్మ తలెత్తుకునే నిలబడింది.

ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? గురవయ్య. ఇరవై ఏళ్ళ కిందట సభకెక్కిన ఆ గురవయ్యే, ఇప్పుడు తల ముగ్గుబుట్టైపోయింది. ఆయన గోలెం దగ్గరికి వెళ్ళి వంగాడు, అడుగున మూడు కళ్ళూ వేలితో తడిమాడు. పక్కనే పెట్టిన పాత బాన మీద పేరమ్మ తొలి ముద్ర చూశాడు. బానను వేలితో తట్టి విన్నాడు. అప్పుడు రాజుగారి వైపు తిరిగాడు.

"మహారాజా, కారని కుండ మేమూ చేస్తాం. మా ఇళ్ళ వెనక కూడా కారే కుండలున్నాయి, అబద్ధమెందుకు. అయితే దాన్ని నెత్తిన పెట్టుకుని మూడు వాడలూ నడిచిన కుమ్మరిని నేను ఈమెనే చూశాను. కట్టుబాటు నేను పెట్టాను, నేనే తీసేస్తున్నాను. సారె ఆమె ఇంట్లోనే ఉండనీయండి."

ఒక్క కుమ్మరీ కాదనలేదు. రాజుగారు కొత్త శాలువా ఇవ్వబోతే పేరమ్మ వద్దంది. నెత్తిన మెలితిరిగి, బురద మరకలు పడిన ఆ పాత ఆకుపచ్చ శాలువానే దులిపి భుజాన వేసుకుంది. ఈసారి ఊరేగింపులో జడపూల వాడ ఓబుళమ్మ పక్కన నడిచింది. ఆ ముసలిది ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పేరమ్మ చెయ్యి పట్టుకుంది. వీరయ్య కూతురు పోతోందని జనం చూపించుకుంటుంటే ఆమెకు కలిగిన గర్వం ఉందే, అది మొన్నటి గర్వం లాంటిది కాదు. ఎవరు తట్టి చూసినా ఖంగుమనే గర్వం.

అప్పటి నుంచి పువ్వులకోటలో పాత సామెత పోయింది. గోలెం కొనుక్కునేవాళ్ళు ముందు దాన్ని బోర్లించి, పేరమ్మ పెట్టిన కళ్ళున్నాయా అని చూసుకునేవాళ్ళు. ఆ తొలి బాన మాత్రం కోటగుమ్మం పక్కనే ఉండిపోయింది, ఏటేటా దానంతటదే పూస్తూ. కథ అక్కడిదాకా వెళ్ళి, ఆ పూలు చూస్తూ కూర్చుండిపోయింది. మనం ఇటు తిరిగి ఈ ఒక్క మాటా పట్టుకుపోదాం.

తప్పును దాచుకున్న పేరు వేరు కుళ్ళి వాడిపోతుంది. తప్పును ఒప్పుకున్న పేరు పదిమందితో కలిసి పూస్తుంది.